శ్రోత్రేంద్రియము – అభయదానము



ఈ యేటి సంచికకు ధర్మవిషయమొకటి వ్రాసి పంపవలసిందని సంపాదకవర్గంవారు కోరినప్పుడు నేను చాలా సంకోచించాను. నేను పండితుణ్ణి కాను. హైస్కూలుతో చదువు చాలించి, ముప్పయ్యేళ్ళకు పైగా బళ్ళారిలో స్టీలు, ఇత్తడి పాత్రల వ్యాపారం చేసుకొంటున్నవాణ్ణి. సాధుమహారాజుల వ్యాఖ్యానాలలో విన్నది కొంత, ఇంట్లో పెద్దల నోట విన్నది కొంత, ఇంతే నా పెట్టుబడి. అయినా వ్రాయడానికి పూనుకొన్నాను. నా మనస్సు మీద ఒక బరువు వున్నది. దానిని నలుగురిలో చెప్పుకొంటే గాని దిగదు.

జీవులను ఇంద్రియాల లెక్కన విభజించడం మనలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన విషయమే. మట్టి, నీరు, నిప్పు, గాలి, చెట్టు, వీటిలోని జీవులకు స్పర్శ ఒక్కటే వుంటుంది. వానపాము వంటి వాటికి స్పర్శతోపాటు రుచి తెలుస్తుంది. చీమకు వాసన కూడా తెలుస్తుంది. ఈగకు, తుమ్మెదకు చూపు చేరుతుంది. అన్నిటికీ పైమెట్టున వచ్చేది వినికిడి. శ్రోత్రేంద్రియం కలిగిన జీవినే పంచేంద్రియమంటాము. చిన్నతనం నుంచీ ఈ పాఠం వల్లించాను గాని, వినికిడి అంత పై మెట్టున వున్నది గదా, దానికి దెబ్బ తగిలితే ఏమవుతుందని ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆలోచింపజేసినది మా తమ్ముని కుమార్తె.

ఆ అమ్మాయి వేరే వూళ్ళో వుండి మందులకు సంబంధించిన పెద్ద చదువు చదువుతున్నది. ఆ చదువులో ఎలుకలతో పని వుంటుందని తెలిసిన రోజున మా ఇంట్లో పెద్ద రగడ జరిగింది. “జైనుల ఇంట పుట్టి ఎలుకలను బోనులో పెట్టే చదువా?” అని నేను గట్టిగా కేకలు వేశాను. ఆమె మారు మాట్లాడలేదు. చాలాకాలం మా మధ్య మాటలు కూడా అంతంతమాత్రంగానే సాగాయి.

పర్యూషణకు ఇంటికి వచ్చినప్పుడు ఒకనాడు దుకాణానికి వచ్చి నా ప్రక్కన కూర్చున్నది. కుర్రవాడు పైఅరలోనుంచి స్టీలు పళ్ళేల దొంతర దించుతూ చెయ్యి జారి బండల మీద పడవేశాడు. మాకు అది రోజూ వుండేదే, నేను తల కూడా ఎత్తలేదు. ఆ అమ్మాయి మాత్రం రెండు చెవులు మూసుకొని, కాసేపటికి అన్నది గదా: “పెదనాన్నా, మా జంతుశాలలో ఇట్లాంటి చప్పుడు ఒక్కటి అయితే ఆ పూట మేము కొలిచిన లెక్కలేవీ నమ్మము.”

“ఎందుకమ్మా?” అని అడిగాను. ఏడాది తరువాత ఆమె చదువును గురించి నేనడిగిన మొదటి ప్రశ్న అదే. ఆమె చెప్పినదానిలో నాకు అర్థమైనంత మీకు నివేదిస్తాను.

మనిషి చెవి సెకనుకు సుమారు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల వరకు వినగలదు. ఎలుక సుమారు 80,000 వరకు వింటుంది. చిట్టెలుక అంతకంటె పైకి కూడా వింటుంది. అంటే, మనము నిశ్శబ్దమనుకొన్న గది దానికి నిశ్శబ్దం కాకపోవచ్చు. ధారగా పడే కుళాయి, కొన్ని విద్యుత్పరికరాలు మన చెవికి అందని సన్నని ధ్వని చేస్తాయి. మనకు అది లేనట్లే, బోనులోని ఎలుకకు అది తలుపు కిర్రుమన్నట్లు వినబడుతుంది. పైగా ఇనుప బోనులు ఒకదానికొకటి తగలడం, వాటిని కడిగే యంత్రాల మోత, తలుపులు దబాలున వేయడం, పనివాళ్ళ పిలుపులు ఇవన్నీ వుండనే వున్నవి. ఇంత విచారించి కొన్ని ప్రయోగశాలల్లో అగ్నిప్రమాద గంటను కూడా బొంగురు స్వరంలో పెడతారట. మనుషులకు అది వినబడుతుంది, ఎలుకలకు అంతగా వినబడదు.

ఇంకొక్క మాట చెప్పింది. అది విని నేను నిర్ఘాంతపోయాను. భయం కలిగినప్పుడు ఎలుక అరుస్తుంది. ఆ అరుపు సెకనుకు సుమారు 22,000 కంపనాలది. మన చెవి 20,000 దగ్గర ఆగిపోతుంది. మన చెవి హద్దుకు కొంచెం ఆవల నిలబడి ఆ జీవి అరుస్తూ వుంటుంది. మనము దాని ఎదుటనే నిలబడి, పాపం, ఎంత బుద్ధిగా వున్నదో అనుకొంటాము.

చప్పుడు చెవిలో పడితే శరీరానికి ఏమవుతుందని అడిగాను. చెవి నుంచి వార్త మెదడుకు పోతుంది. మెదడులోని హైపోథలమస్ అనే భాగం దాని క్రిందనున్న పిట్యూటరీ గ్రంథికి సంకేతం పంపుతుంది. అది మూత్రపిండాల మీద టోపీలవలె వుండే అడ్రినల్ గ్రంథులను హెచ్చరిస్తుంది. ఆ గ్రంథులు రక్తంలోకి హార్మోనులు వదులుతాయి. గుండె వేగం, రక్తపుపోటు పెరుగుతాయి, జీర్ణక్రియ మందగిస్తుంది, ఒళ్ళంతా పారిపోవడానికో పోరాడడానికో సిద్ధమవుతుంది. పిల్లి వచ్చినప్పుడు ఎలుక ప్రాణం కాపాడేది ఈ ఏర్పాటే. కాని పిల్లి రాకుండానే రోజూ ఈ గంట మోగుతుంటే?

వర్తకులకు వర్తకపు ఉపమానమే అర్థమవుతుంది. దొంగ వచ్చాడని ఒక రాత్రి దుకాణంలో దీపాలన్నీ వెలిగించి, పనివాళ్ళందరినీ కాపలా పెడితే నష్టం లేదు. ప్రతి రాత్రీ అదే పని చేస్తే దొంగ రాకుండానే దుకాణం దివాలా తీస్తుంది. జీవి శరీరమూ అంతే.

1936లో కెనడాదేశంలోని మాంట్రియల్ నగరంలో హాన్స్ సెల్యే అనే వైద్యశాస్త్రజ్ఞుడు ఎలుకలలో ఒక సంగతి కనిపెట్టి ప్రకటించాడు. చలి, గాయం, మితిమీరిన శ్రమ, మందుల విషం, బాధ యే రకమైనదైనా శరీరంలో కనిపించే మార్పులు మాత్రం ఒక్క తీరుగానే వుంటాయన్నాడు. అడ్రినల్ గ్రంథులు ఉబ్బుతాయి, రోగాన్ని ఎదుర్కొనే థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది, కడుపులో పుండ్లు పడతాయి. నేడు మనము ఒత్తిడి అని యథాలాపంగా అంటున్న మాటకు వైద్యంలో పునాది అక్కడ పడింది. పెద్ద చప్పుడు కూడా అదే దారిన నడిపిస్తుందని తరువాతివారు చూశారు.

ధ్వనిని డెసిబెల్ అనే లెక్కలో కొలుస్తారు. ఆ లెక్క మన తూకం లెక్క వంటిది కాదు. 10 పెరిగితే శక్తి పదింతలు, 20 పెరిగితే నూరింతలు. 85 డెసిబెల్ దాటిన ధ్వనిలో వుంచితే ఎలుకజాతి జంతువులలో అడ్రినల్ గ్రంథుల బరువు పెరగడం, సంతానశక్తి తగ్గడం కనిపించినట్లు ప్రయోగశాల జంతువుల సంరక్షణ గ్రంథాలలో వ్రాసి వున్నది. కట్టడం పనుల మోత వినిపిస్తే చిట్టెలుకలకు బ్రతికి పుట్టే పిల్లలు తగ్గినట్లు 2009లో ప్రచురించారు. 1981లో ప్రకటించిన మరొక పరిశోధనలో కోతులకు 9 నెలలపాటు మనుషులు నిత్యం వినే తీరు మోతను వినిపించారు. వాటి రక్తపుపోటు పెరిగింది. మోత ఆపిన తరువాత కూడా అది దిగలేదు. ఆశ్చర్యమేమిటంటే వాటి వినికిడి దాదాపు చెడలేదు. చెవి బాగానే వున్నది, దెబ్బ మాత్రం లోపల తగిలింది. “అలవాటైపోతుందిలే” అని మనము తరచుగా అనే మాటకు ఇంతకంటె జవాబు అక్కరలేదు.

కొన్ని జాతుల చిట్టెలుకలు మరీ సున్నితమైనవి. పుట్టిన మూడు వారాల వయస్సులో గట్టిగా గంట మోగిస్తే చాలు, పిచ్చిగా పరుగెత్తి, మూర్ఛవచ్చి పడిపోతాయి. కొన్ని అట్లాగే ప్రాణం విడుస్తాయి. ఒంటి మీద గీత కూడా వుండదు.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో నార్మన్ మేయర్ అనే మనశ్శాస్త్రజ్ఞుడు వుండేవాడు. ఆయన ఎలుకలను చిన్న దిమ్మె మీద నిలబెట్టి, ఎదుట రెండు అట్టలు పెట్టేవాడు. సరైన అట్ట మీదికి దూకితే అది వాలిపోయి తిండి దొరుకుతుంది, తప్పు అట్టకు దూకితే ముక్కు కొట్టుకొని క్రింది వలలో పడుతుంది. ఏది సరైనదో తేల్చుకోలేని చిక్కు పెట్టినప్పుడు ఎలుక దూకక మొరాయించేది. అప్పుడు దాని మీదికి గొట్టంతో గాలి బుస్సుమని కొట్టేవారు. కొన్ని ఎలుకలు పిచ్చెత్తినట్లు పరుగెత్తి మూర్ఛపోయేవి. తేల్చుకోలేని చిక్కు వల్ల జంతువుకు మతి చలించిందని ఆయన సిద్ధాంతం చేశాడు. 1938 డిసెంబరులో అక్కడి విజ్ఞానాభివృద్ధి సంఘం ఆయనకు వెయ్యి డాలర్ల బహుమానం ఇచ్చింది.

మరుసటి సంవత్సరం, 1939లో, క్లిఫర్డ్ మోర్గన్, జేన్ మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ చిక్కూ ఆ దిమ్మె ఏమీ లేకుండా, ఉత్త గాలిచప్పుడు మాత్రమే వినిపించి చూశారు. ఎలుకలు అట్లాగే మూర్ఛపోయాయి. గాలి బుస్సుమనే ఆ ధ్వనే చాలునని తేలింది.

ధర్మబంధువులారా, ఈ కథ విన్నప్పుడు నాకు ఆ శాస్త్రజ్ఞుని మీద కోపం రాలేదు. ఆయన దుర్మార్గుడు కాడు, చదువు తక్కువవాడు అంతకంటె కాడు. తన చేతిలోని గొట్టం చప్పుడు తనకు లెక్కలోకి రాలేదు, అంతే. తాను చేసిన మోతను మరచి, దోషం ఎలుక మనస్సులో వెదికాడు. మన శాస్త్రం దీనికే ప్రమాదమని పేరు పెట్టింది. ఏమరుపాటు అన్నమాట. ద్వేషం లేకపోయినా, ఏమరుపాటున ఒక జీవి ప్రాణాలకు కలిగించే బాధ హింసేనని ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రంలో నిర్ణయించారు.

ఇప్పుడు నా బరువు సంగతి చెబుతాను.

క్రిందటి మహావీర జయంతి ఊరేగింపు ఏర్పాట్లు చూచినవారిలో నేనొకణ్ణి. ఈసారి వూరంతా వినబడాలని పట్టుబట్టి, బండి నిండా పేర్చిన పెద్ద పెద్ద ధ్వనిపెట్టెలు పిలిపించినది నేనే. ఊరేగింపు గోశాల వీధిన పోయింది. ఆ ధ్వనికి గోడలు అదిరాయి. లోపల కట్టివేసిన పశువులు పలుపులు త్రెంచుకోవడానికి పెనుగులాడాయి. ఒక ముసలి ఆవు పలుపు తెగి, తడిబండ మీద జారి కాలు విరుగగొట్టుకొన్నది. డాక్టరును నేనే పిలిపించాను, ఖర్చూ నేనే పెట్టుకొన్నాను. పదకొండవ రోజున అది పోయింది. “దాని కర్మోదయం” అన్నాను. అక్కడున్నవారందరూ తల వూపారు. నాకు మనశ్శాంతి కలిగింది.

ఆ రోజు దుకాణంలో ఆ అమ్మాయి మేయర్ కథ ముగించేసరికి నాకు ఆ ఆవు గుర్తుకు వచ్చింది. ఆమె ఆ మాట ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం లేకపోయింది. నా చేతిలోని గొట్టం చప్పుడు మరచి, దోషం ఆవు కర్మలో వెదికినవాణ్ణి నేను. ఆవు కర్మ ఆవుదే, సందేహం లేదు. కాని నేను నిమిత్తమైనందుకు కట్టుకొన్న కర్మ నాది. నా ఖాతాలో వ్రాయవలసిన పద్దును ఆవు ఖాతాలో వ్రాసి, చిట్టా సరిపోయిందని సంతోషించాను. ఏ వర్తకుడైనా ఇట్లాంటి లెక్క వ్రాస్తే మనము వాణ్ణి ఏమంటాము?

“గాయం చేయలేదు గదా, చప్పుడు కూడా హింసేనా?” అని మీరు అడగవచ్చు. మన శాస్త్రం ప్రాణమంటే ఊపిరి ఒక్కటే అనలేదు. మనస్సు గల పంచేంద్రియ జీవికి పది ప్రాణాలు చెప్పింది. అయిదు ఇంద్రియాలు అయిదు ప్రాణాలు, మనోబలం, వచనబలం, కాయబలం మూడు, ఉచ్ఛ్వాసనిశ్వాసం ఒకటి, ఆయువు ఒకటి. వినికిడి ఒక ప్రాణమే. మనోబలమూ ఒక ప్రాణమే. భయపెట్టే చప్పుడు ఒక్క దెబ్బతో రెంటినీ తాకుతుంది. ప్రతిక్రమణలో ఇరియావహియ పాఠం చెప్పుకొనేటప్పుడు, జీవులను తొక్కినందుకు, చంపినందుకు మాత్రమే క్షమాపణ కోరి ఊరుకోము. బెదరగొట్టినందుకు, వున్న చోటు నుంచి తరిమినందుకు కూడా కోరుతాము. పూర్వాచార్యుల దగ్గర కొలత పరికరాలు లేవు. భయసంజ్ఞ ప్రతి జీవిలోనూ వున్నదని మాత్రం వారికి తెలుసు. నేటి పరికరం ఎలుక రక్తంలో కొలిచి చూపించేది ఆ భయసంజ్ఞ గుర్తులనే.

“ప్రయోగశాలల్లో జంతువుల ప్రాణాలే పోతుంటే చప్పుడును గురించి విచారమెందుకు?” అని కూడా కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేను ఆ ప్రయోగాలను సమర్థించడం లేదు. జైనుడెవడూ సంతోషంతో సమర్థించలేడు. 1959లోనే రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రజ్ఞులు మూడు దారులు చూపారు. వీలున్నచోట జంతువుకు బదులు వేరే పద్ధతి వాడడం, వాడక తప్పనిచోట సంఖ్య తగ్గించడం, మిగిలిన వాటికి బాధ తగ్గించడం. మన దేశంలో 1960లో జంతుహింస నివారణ చట్టం, దాని క్రింద 1998లో ప్రయోగాల నియంత్రణకు నియమాలు వచ్చాయి. ఈ దారులు ఇంకా విశాలం కావాలని కోరుదాము. కాని చప్పుడు బాధకు ఒక ప్రత్యేకత వున్నది. దాని వల్ల ఎవరికీ లాభం లేదు. జంతువుకు బాధ, శాస్త్రజ్ఞునికి తప్పులెక్క, ఆ తప్పులెక్క వల్ల మరికొన్ని జంతువులతో మళ్ళీ అదే ప్రయోగం. ఏ ప్రయోజనమూ లేక చేసే హింసను మనవారు అనర్థదండమన్నారు. గృహస్థుడు దానిని విడవాలని గుణవ్రతాలలో చేర్చారు. అక్కరలేని వాచాలతను కూడా ఆ వ్రతానికి అతిచారంగా లెక్కించారు. నోటి వాచాలతే దోషమైతే, ధ్వనిపెట్టెల వాచాలతను ఏమనాలి?

నేమినాథ భగవానుని వృత్తాంతం మనకందరికీ తెలిసినదే. పెళ్ళి ఊరేగింపు సాగుతున్నది. విందు కోసం కట్టివేసిన పశువుల ఆక్రందన ఆయన చెవిని పడింది. రథం వెనుకకు త్రిప్పించి, రాజీమతిని, రాజ్యాన్ని విడిచి గిర్నార్ కొండకు వెళ్ళాడు. చిన్నప్పటి నుంచీ ఈ కథలో ఆయన త్యాగాన్నే చూశాను. ఇప్పుడు మరొకటి కనిపిస్తున్నది. అంత పెళ్ళివారి సందడిలో ఆ ఆక్రందన ఆయనకు వినబడింది. మా ఊరేగింపులో ధ్వనిపెట్టెల ప్రక్కన నడిచిన నాకు ఆవు అరుపు వినబడలేదు. ఆయన సంతానమని చెప్పుకొంటూ, ఏ జీవి అరుపూ వినబడనంత మోత మనమే చేస్తే ఎట్లా?

కాబట్టి వర్తక కుటుంబాలవారికి నాలుగు విన్నపాలు.

దుకాణంలో, గోదాములో, సామాను విసరకుండా చేతికి అందించడం పనివాళ్ళకు నేర్పండి. మా దుకాణంలో అరలకు రబ్బరు పట్టాలు వేయించాము. జనరేటరు పెట్టే చోట గూళ్ళు, పశువుల కొట్టం, రోగి గది ఎక్కడున్నవో చూడండి.

మన ఊరేగింపులలో, పెళ్ళిళ్ళలో ధ్వనిపెట్టెలు మానండి. 2000 సంవత్సరపు నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ హద్దు. చట్టం పెట్టిన హద్దు ఇది. ధర్మం పెట్టే హద్దు ఇంతకంటె క్రింద వుండవలసింది గాని పైన కాదు. దీపావళి మనకు మహావీరస్వామి నిర్వాణ దినం. పన్నెండున్నర సంవత్సరాల సాధనను ఎక్కువభాగం మౌనంగా గడిపిన మహాత్ముని నిర్వాణాన్ని టపాకాయల మోతతో తలుచుకోవడం తగునా?

మనలో మందుల వ్యాపారం చేసేవారు చాలామంది వున్నారు. మీతో లావాదేవీలున్న సంస్థలను, జంతువులకు బదులు వేరే పద్ధతులు ఎంతవరకు వాడుతున్నారని మర్యాదగా అడగండి. జంతువులతో ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలో ఒక నీతిసంఘం వుండాలని, దానిలో శాస్త్రజ్ఞుడు కాని సభ్యుడు కూడా వుండాలని నియమం వున్నది. అట్లాంటి స్థానానికి పిలుపు వస్తే మనవారు పాపమని తప్పుకోవద్దు. మన కన్ను, మన చెవి అక్కడ వుండడమే మంచిది.

చివరిది. ఇంట్లో పిల్లలు మనకు నచ్చని చదువు చదివితే కేకలు వేయకండి. ఇది నేను అనుభవం మీద చెబుతున్నాను. ఆ అమ్మాయి జంతుశాలలో కాళ్ళకు మెత్తని జోళ్ళు వేసుకొని, బోను తలుపు రెండు చేతులతో పట్టి మూస్తుందట. ఏడాదిపాటు ఆమెను పాపం చేస్తున్నదని తప్పుపట్టిన నేను, ధ్వనిపెట్టెలు తెప్పించిన రోజున ఒక్కసారీ అంత జాగ్రత్తపడలేదు.

దానాలలో అభయదానం శ్రేష్ఠమని విన్నాము. దానికి కసాయి దగ్గర పశువును కొని విడిపించే డబ్బు అందరికీ వుండకపోవచ్చు. చప్పుడు తగ్గించడానికి పైసా అక్కరలేదు. పేదవాడు కూడా చేయగల అభయదానమిది. రాబోయే జయంతికి ధ్వనిపెట్టెలు లేకుండా, స్తవనాలు నోటితో పాడుకొంటూ నడుద్దామని మా సంఘంలో ప్రతిపాదించాను. కొందరు ఒప్పుకొన్నారు, కొందరు “వూళ్ళో మన పేరేమవుతుంది?” అంటున్నారు. ఇంకా తేలలేదు. తేలినా తేలకపోయినా, గోశాల వీధి మొదట్లో నేను నిలబడి చేతులు జోడించి అందరినీ మౌనంగా నడవమని వేడుకొంటాను.

ఆ ముసలి ఆవుకు, నా కేకలకు బెదిరిన మా అమ్మాయికి, ముప్పయ్యేళ్ళుగా మా దుకాణం మోతకు ఉలిక్కిపడిన సమస్త జీవులకు, మనోవాక్కాయములా

మిచ్ఛామి దుక్కడం.